ఎల్క్ వేటలో గ్రిజ్లీ ఎదురైతే: నడుముకు స్ప్రేనా, పిస్తోలా?

కృష్ణాతీరం (డెన్వర్)
ఆగస్టు 9, రాత్రి 10:42

నమస్కారం. రెండేళ్లుగా ఆఫీసు మిత్రుడితో కలిసి ఇక్కడ కొలరాడోలో ఎల్క్ (పెద్ద దుప్పి లాంటి జింక) వేటకు వెళుతున్నాను. ఇక్కడ ఉన్నవి నల్ల ఎలుగులు. మనిషి అలికిడి వినగానే చాలావరకు తప్పుకుంటాయి. అందుకే ఇన్నాళ్లూ ఆ భయం పెట్టుకోలేదు. ఈసారి మోంటానా లైసెన్సు దొరికింది. సెప్టెంబరు మూడో వారం, బోజ్‌మన్‌కు దక్షిణంగా గాలటిన్ కొండల్లో, విల్లుతో వేట. అక్కడ గ్రిజ్లీలు (మూపురం ఉన్న పెద్ద గోధుమరంగు ఎలుగులు) తిరుగుతాయని మా ఆవిడకు తెలిసిన రోజు నుంచి ఇంట్లో పప్పులో ఉప్పు ఉండటం లేదు.

మిత్రుడు తన పది ఎంఎం పిస్తోలు నాకిచ్చి, తాను పాత ఫార్టీఫోర్ రివాల్వర్ పెట్టుకుంటానంటున్నాడు. దుకాణంలో కుర్రవాడిని అడిగితే పిస్తోలు అక్కర్లేదు, ఎలుగు మొహాన కొట్టే మిరప స్ప్రే చాలన్నాడు. రెండూ పెట్టుకుందామంటే ఛాతీ మీద బైనాక్యులర్ సంచి, నడుముకు కత్తి, వీపున మూట, చేతిలో విల్లు. ఇక ఖాళీ ఎక్కడుంది? గ్రిజ్లీని కళ్లారా చూసినవారు, వీలైతే మరీ దగ్గరగా చూసినవారు, ఏం మోస్తున్నారో చెప్పండి. సినిమా కబుర్లు వద్దు.

గురి (చెయెన్)
ఆగస్టు 9, రాత్రి 11:15

ఇందులో ఆలోచించడానికి ఏముంది? పిస్తోలు పెట్టుకోండి. రెండు మూడు వందల కిలోల జంతువు మీదికి వస్తుంటే దాని మొహాన పోపు ఘాటు కొడతారా? గాలి మీవైపు తిరిగిందంటే కళ్లు పోయేది మీకే. పది ఎంఎం మంచి ఎంపిక. ముక్కు విచ్చుకునే తూటాలు వద్దు, అవి లోతుకు దిగవు. గట్టి మొద్దు ముక్కు తూటాలు తీసుకోండి.

బోజ్‌మన్ బాబాయి
ఆగస్టు 10, ఉదయం 6:20

కృష్ణాతీరం గారూ, మీరు వస్తున్నది మా ఊరి వెనక కొండలకే. ఇరవై రెండేళ్లుగా అక్కడే తిరుగుతున్నాను. ఏది మోయాలి అన్నది రెండో ప్రశ్న. ముందు ఒక సంగతి అర్థం చేసుకోండి. మామూలుగా కొండ ఎక్కేవాళ్లకు ఇక్కడ ఏం చెబుతారు? గుంపుగా వెళ్లండి, గట్టిగా మాట్లాడుతూ నడవండి, తెల్లవారుజామునా మునిమాపునా తిరగకండి, చచ్చిన జంతువు కనిపిస్తే వెనక్కి రండి అని. వేటగాడు ఏం చేస్తాడు? ఒంటరిగా, చప్పుడు లేకుండా, గాలికి ఎదురుగా, చీకటితోనే బయలుదేరతాడు. మీది విల్లు వేట కాబట్టి ఆడ ఎల్క్ కూత కూడా కూస్తారు. అంటే ఎలుగుకు 'ఇక్కడ భోజనం ఉంది' అని మీరే కబురు పెడుతున్నారు. చివరికి నెత్తురోడుతున్న కళేబరం పక్కన రెండు మూడు గంటలు మోకాళ్ల మీద కూర్చుంటారు. చెప్పిన ప్రతి జాగ్రత్తనూ తిరగేసి చేస్తే వచ్చేదే వేట.

ఇక నా సంగతి. పదకొండేళ్ల క్రితం, అక్టోబరు చివర. మధ్యాహ్నం ఆడ ఎల్క్‌ను కొట్టాం. నేను వెనక తొడ కోస్తున్నాను, మోచేతుల దాకా నెత్తురు. మిత్రుడు కాలు ఎత్తి పట్టుకున్నాడు. ఇద్దరం ఒకే వైపు చూస్తున్నాం. పైన కొమ్మ మీద బూడిదరంగు పిట్ట ఒకటి మాంసం ముక్క కోసం అరుస్తూ ఉంది. ఆ అరుపు ఉన్నట్టుండి ఆగిపోయింది. తల ఎత్తితే పడిపోయిన పైన్ మాను మీదుగా ముందు మూపురం కనిపించింది. తల ఇంకా రాలేదు, ఒంగోలు గిత్తకు ఉన్నట్టు మూపురం ఒక్కటే, గోధుమరంగు వెంట్రుకల కొసలు ఎండకు మెరుస్తూ. ఆ తర్వాత దవడలు టకటకలాడిన చప్పుడు.

నా స్ప్రే ఎక్కడుంది? మూట పక్కజేబులో. మూట ఎక్కడుంది? పదడుగుల అవతల చెట్టుకు ఆనించి. రైఫిల్ దాని పక్కనే. మిత్రుడికి మాత్రం డబ్బా నడుముకే ఉంది. నెత్తుటి వేళ్లకు డబ్బా మీది రక్షణ క్లిప్ ఒకసారి జారింది, రెండోసారి ఊడింది. బుస్సుమని నారింజ రంగు పొగ. ఎలుగు ఆ పొగలోకి తల పెట్టి, తుమ్మినట్టు ఒక చప్పుడు చేసి, గిరుక్కున తిరిగి కిందికి దొర్లినట్టే పరుగెత్తింది. మిగిలిన పొగ మా మీదికే వచ్చింది. ఆ తర్వాత అరగంట ముక్కులు కారుతూ, ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుతూ, ఏడుస్తూ కోశాం.

అప్పటి నుంచి నేను వాష్‌రూమ్‌కు వెళ్లినా డబ్బా నా నడుముకే ఉంటుందని మా ఆవిడ ఎగతాళి చేస్తుంది.

గురి (చెయెన్)
ఆగస్టు 10, ఉదయం 7:05

బాబాయి గారూ, అదృష్టం బాగుంది కాబట్టి ఇది కథ అయింది. గాలి ఇంకాస్త ఎదురుగా ఉంటే?

బోజ్‌మన్ బాబాయి
ఆగస్టు 10, ఉదయం 7:31

అదృష్టమే, కాదనను. రైఫిల్ చెట్టుకు ఆనించి ఉండటం కూడా అంతే నిజం కదా.

లెక్కల మాస్టారు (శాన్ హోసే)
ఆగస్టు 10, మధ్యాహ్నం 1:10

నేను వేటగాడిని కాను, కొండలెక్కేవాడిని. ఈ వాదన ఎక్కడ మొదలైనా రెండు అధ్యయనాల దగ్గరికే చేరుతుంది కాబట్టి ఆ అంకెలు పెడతాను. మొదటిది 2008లో వచ్చింది. అలస్కాలో 1985 నుంచి 2006 దాకా స్ప్రే వాడిన 83 ఘటనలు చూశారు. గోధుమరంగు ఎలుగుల విషయంలో 92 శాతం సార్లు స్ప్రే పని చేసింది. స్ప్రే చేతిలో ఉన్నవారిలో 98 శాతం మందికి దెబ్బ తగల్లేదు. రెండోది అదే బృందంలోని వారు 2012లో తెచ్చారు. అలస్కాలోనే 1883 నుంచి 2009 వరకు తుపాకులు ఉన్న 269 ఘటనలు. పిస్తోళ్లు, రివాల్వర్లు 84 శాతం, పొడవు తుపాకులు 76 శాతం సార్లు ఎలుగును ఆపాయి. తుపాకి కాల్చినవారికీ, దగ్గర ఉండి కాల్చనివారికీ గాయాల విషయంలో పెద్ద తేడా కనిపించలేదన్నారు.

ఇక్కడే చాలామంది 92 పక్కన 84 పెట్టి స్ప్రే గెలిచింది అంటారు. అలా పెట్టకూడదు. స్ప్రే ఘటనల్లో అన్నీ మీదికి దూకి వచ్చిన ఎలుగులు కావు. వాసన చూడటానికి వచ్చినవి, తిండి కోసం గుడారం చుట్టూ తిరిగినవి కూడా ఉన్నాయి. తుపాకి ఘటనలేమో పాత రికార్డుల నుంచి తవ్వి తీసినవి. ఏ గొడవా లేకుండా ముగిసినవి రికార్డుకే ఎక్కవు, ప్రాణం మీదికి వచ్చినవే ఎక్కుతాయి. రెండు వేర్వేరు తరగతుల పిల్లలకు రెండు వేర్వేరు ప్రశ్నపత్రాలు ఇచ్చి మార్కులు పోల్చినట్టు. గాలి గురించి గురి గారు అడిగారు. మొదటి అధ్యయనంలో గాలి వల్ల స్ప్రే దెబ్బతిన్నవి 7 శాతమే.

గురి (చెయెన్)
ఆగస్టు 10, మధ్యాహ్నం 1:40

పోలిక కుదరదని మీరే చెప్పారు. సంతోషం. ఇకనైనా ఆ 92 శాతాన్ని నా మొహాన కొట్టడం ఆపుతారని ఆశ.

లెక్కల మాస్టారు (శాన్ హోసే)
ఆగస్టు 10, మధ్యాహ్నం 1:44

మీ 84 కూడా అదే గంపలో ఉంది మరి.

తుంద్రాపువ్వు (ఫెయిర్‌బ్యాంక్స్)
ఆగస్టు 10, సాయంత్రం 5:25

నేను ఏటా మూస్ (ఎల్క్ కంటే పెద్ద దుప్పి) వేటకు వెళతాను. మావారికి అడవి అంటే దోమలు అనే అర్థం, ఇంట్లోనే ఉంటారు. నా దగ్గర రెండూ ఉంటాయి, కాబట్టి ఎవరి పక్షమూ కాదు.

గురి గారిని ఒకటి అడగాలి. చలి కోటు, చేతి తొడుగులు, వీపున మూట పట్టీలు అన్నీ ఉండగా ఒరలోంచి పిస్తోలు తీసి మొదటి తూటా పేల్చడానికి మీకు ఎంతసేపు పడుతుంది? ఫోనులో లెక్క పెట్టుకుని చూశారా? నేను చూశాను. మొదటి రోజు నాలుగు సెకన్లు. మెరుగుపరుచుకోవడానికి ఒక వేసవి పట్టింది. గ్రిజ్లీ గంటకు 56 కిలోమీటర్ల దాకా పరుగెత్తుతుంది. అంటే సెకనుకు పదిహేను మీటర్లు. ముప్పై మీటర్ల దూరంలో పొద కదిలిందంటే మీకున్నది రెండు సెకన్లు. కాగితం మీద గుండ్రాన్ని కొట్టడం వేరు, తల కిందికి పెట్టి ఊగుతూ వస్తున్న పుర్రెను కొట్టడం వేరు.

స్ప్రే వాడేవాళ్లూ సంబరపడనక్కర్లేదు. డబ్బా కొని, ప్లాస్టిక్ కవరు కూడా తీయకుండా మూటలో పెట్టుకుని వచ్చినవాళ్లను చూశాను. సాధన కోసం మిరప లేని డబ్బాలు అమ్ముతారు. ఒకటి కొని పెరట్లో రెండుసార్లు కొట్టి చూడండి. పొగ పది పన్నెండు మీటర్లకు మించి పోదని, డబ్బా మొత్తం ఏడెనిమిది సెకన్లలో అయిపోతుందని అప్పుడు ఒంటికి పడుతుంది. కాస్త కిందికి గురిపెట్టాలి, పొగ పైకి లేస్తుంది, ఎలుగు తల దించి వస్తుంది.

ఇంకొకటి. ఇక్కడ ప్రాణరక్షణ కోసం ఎలుగును చంపితే వదిలేసి రావడానికి లేదు. తోలు వలిచి, గోళ్లతో సహా, పుర్రెతో కలిపి ప్రభుత్వానికి అప్పగించి, కాగితం నింపాలి. వణుకు తగ్గకముందే ఆ పని చేయాలి. మీ మోంటానాలో గ్రిజ్లీ 1975 నుంచి కేంద్ర రక్షణ జాబితాలో ఉంది. కాల్చారంటే విచారణకు వస్తారు, ఆత్మరక్షణే అని చూపాలి.

మిరపబజ్జీ (డాలస్)
ఆగస్టు 10, రాత్రి 8:12

అడ్డు వచ్చినందుకు క్షమించండి. ఇదంతా మిరప ఘాటే అయితే మా అమ్మ పంపిన గుంటూరు కారం సీసాలో కలిపి కొడితే సరిపోదా? ముప్పై, నలభై డాలర్లు మిగులుతాయి.

తుంద్రాపువ్వు (ఫెయిర్‌బ్యాంక్స్)
ఆగస్టు 10, రాత్రి 8:30

నవ్వుకున్నాను, కానీ జవాబు చెబుతాను, నిజంగా ప్రయత్నించేవాళ్లు ఉంటారు. ఘాటు సమస్య కాదు, తోయడం సమస్య. ఎలుగుల స్ప్రేలో ఘాటు పదార్థం 1 నుంచి 2 శాతం, అది నూనెగా ఉంటుంది. దాన్ని సన్నని పొగగా చేసి ఒక్కసారిగా అంత దూరం తోసే పీడనం మీ సీసాకు ఎక్కడిది? మనుషుల మీద వాడే చిన్న పెప్పర్ స్ప్రే కూడా పనికిరాదు. డబ్బా మీద ఎలుగుల కోసం అని ఉండాలి, కనీసం 225 గ్రాములు ఉండాలి, గడువు తేదీ దాటకూడదు. మూడు నాలుగేళ్లకు పీడనం తగ్గిపోతుంది.

ఇంకో వింత కూడా విన్నాను. దోమల మందులా గుడారం మీద ముందే చల్లుకున్నారట. ఎండిన మిరప నూనె వాసన ఎలుగులను రప్పిస్తుంది తప్ప తరమదు. పులుసులో పోపు పెట్టి పిలిచినట్టే.

నల్లకోటు (ఫ్రీమాంట్)
ఆగస్టు 10, రాత్రి 9:50

ఎలుగుల గురించి నాకు తెలియదు, కాగితాల గురించి తెలుసు. కృష్ణాతీరం గారూ, మీరు పౌరులా, గ్రీన్‌కార్డా, హెచ్‌వన్‌బీనా? హెచ్‌వన్‌బీ అయితే ఇది చదవండి. వలసేతర వీసా మీద ఉన్నవారు తుపాకి గాని, తూటాలు గాని తమ వద్ద ఉంచుకోవడం కేంద్ర చట్టం ప్రకారం నేరం. కొనడం మాత్రమే కాదు, అరువు తెచ్చుకుని నడుముకు పెట్టుకున్నా ఉంచుకోవడమే. దీనికి మినహాయింపులు ఉన్నాయి, అందులో ఒకటి మీకు పనికొస్తుంది: అమెరికాలోని ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు మీ దగ్గర ఉండాలి. గ్రీన్‌కార్డు ఉన్నవారికి ఈ గొడవ లేదు.

మనవాళ్లు చాలామంది 'నాది కాదు, మిత్రుడిది' అనుకుని షూటింగ్ రేంజికి వెళ్లి ఫోటోలు కూడా పెడతారు. పట్టుబడితే పోయేది వేట లైసెన్సు కాదు, ఈ దేశంలో ఉండే హక్కు.

కృష్ణాతీరం (డెన్వర్)
ఆగస్టు 10, రాత్రి 10:18

హెచ్‌వన్‌బీనే. చెమటలు పట్టాయి. రెండేళ్లూ కొలరాడో లైసెన్సు జేబులో ఉన్నప్పుడే రైఫిల్ పట్టుకున్నాను, అది సరే. కానీ సీజను కాని రోజుల్లో, పోయిన మే నెలలో, గురి సరిచూద్దామని రేంజికి వెళ్లాం. అప్పటికి పాత లైసెన్సు గడువు ముగిసిందో లేదో ఇప్పుడు సొరుగులో వెతకాలి.

నల్లకోటు (ఫ్రీమాంట్)
ఆగస్టు 10, రాత్రి 10:26

వెతకండి. దొరికినదేమిటో ఇక్కడ మాత్రం రాయకండి. ఒక వకీలును కలవండి.

ఉద్దానం (పలాస)
ఆగస్టు 11, ఉదయం 9:40

మీ కబుర్లు రోజూ చదువుతాను, ఎప్పుడూ రాయలేదు. మా జీడితోటల్లోకి ఎలుగులు వస్తాయి. పనస పండే రోజుల్లో, జీడిపండ్లు రాలే రోజుల్లో మరీ ఎక్కువ. వేకువనే తోటకు వెళ్లి ఎదురుపడ్డవాళ్లలో చనిపోయినవాళ్లు ఉన్నారు, మొహం పోగొట్టుకుని బతికినవాళ్లు ఉన్నారు. మా దగ్గర పిస్తోళ్లు లేవు, స్ప్రేలు లేవు. కర్ర, టార్చి, డప్పు, పక్కన ఇంకొక మనిషి. మేము తప్పక తోటకు వెళతాం. మీరు వెయ్యి డాలర్లు పెట్టి లైసెన్సు కొని మరీ దాని ఇంటికి వెళుతున్నారు. అది ఎదురుపడితే ఏం చేయాలని అడుగుతున్నారు. కోపంతో అనడం లేదు, ఆశ్చర్యంగా ఉంది.

నల్లమల నడక (ఆత్మకూరు)
ఆగస్టు 11, ఉదయం 11:02

ఉద్దానం అన్నగారి మాటకు నా వంతు. పదిహేనేళ్లు అడవి శాఖలో కాపలా పని చేశాను. మాకు నేర్పిన మొదటి పాఠం ముందు నోరు, తర్వాత కర్ర. వాగు మలుపు తిరిగే ముందు దగ్గేవాళ్లం, కర్రతో బండ మీద కొట్టేవాళ్లం. మన ఎలుగు చూపులోనూ వినికిడిలోనూ అంత చురుకు కాదు. పుట్ట తవ్వుకుంటూ ఉంటే మనిషి మీద పడేదాకా తెలియదు. అప్పుడు ఉలిక్కిపడి పైకి లేస్తుంది. చెంచు పెద్దలు ఇప్పపూల కాలంలో చెట్టు కిందికి వెళ్లే ముందు దూరం నుంచే కేక వేసేవారు. ఇక్కడ 1972 చట్టంతో వేట ఆగిపోయింది కాబట్టి మౌనంగా నడవాల్సిన అవసరం మాకు లేదు. మీ చిక్కంతా అక్కడే ఉన్నట్టుంది.

బోజ్‌మన్ బాబాయి
ఆగస్టు 11, రాత్రి 7:15

ఉద్దానం గారి ప్రశ్నకు నా దగ్గర మంచి జవాబు లేదు. ఏడాదికి సరిపడా మాంసం దొరుకుతుంది అంటాను, కానీ దుకాణంలోనూ దొరుకుతుంది. నాకు ఆ కొండల్లో తెల్లవారడం ఇష్టం. అంతకంటే చెప్పలేను.

నల్లమల గారు చిక్కు సరిగ్గా పట్టుకున్నారు. ఎల్క్ పడేదాకా మేము నోరెత్తలేం. పడ్డాక మౌనం అక్కర్లేదు, కానీ చాలామంది అలవాటుకొద్దీ అప్పుడూ గుసగుసలాడుతూనే కోస్తారు. నేను పాటలు పాడతాను. నా గొంతుకు గ్రిజ్లీ అయినా దగ్గరికి రాదు.

కాల్గరీ చినుకు
ఆగస్టు 12, ఉదయం 8:33

ఇటు కెనడాలో మీ వాదన సగం తీరిపోయింది. వేటకు వెళుతూ పిస్తోలు నడుముకు పెట్టుకోవడం మాకు కుదరదు. పొడవు తుపాకి, స్ప్రే, అంతే. నేషనల్ పార్కుల్లో తుపాకి కూడా లేదు.

స్ప్రే అంటే రక్షరేకు అనుకునేవాళ్లకు ఒకటి గుర్తుచేస్తాను. 2023 సెప్టెంబరు చివర, బాన్ఫ్ పార్కులో రెడ్ డీర్ నది లోయలో ఒక జంటను, వాళ్ల కుక్కను గ్రిజ్లీ చంపింది. వాళ్లు వేటగాళ్లు కారు, అడవి నడక బాగా తెలిసినవాళ్లు. అక్కడ ఖాళీ అయిన స్ప్రే డబ్బా దొరికింది. అంటే కొట్టారు. ఆ ఎలుగు ముసలిది, బక్కచిక్కింది, పళ్లు పాడైనది. ఆ వార్త చదివిన వారం నేను కొండకు వెళ్లలేదు. పై వారం వెళ్లాను, రెండు డబ్బాలతో.

గురి (చెయెన్)
ఆగస్టు 12, ఉదయం 9:01

చూశారా.

బోజ్‌మన్ బాబాయి
ఆగస్టు 12, ఉదయం 9:48

చూశాం. ఇప్పుడు మీ వైయోమింగ్‌దీ చూద్దాం. 2018 సెప్టెంబరు, టీటన్ వైల్డర్‌నెస్. విల్లుతో కొట్టిన ఎల్క్ ముందు రోజు దొరకలేదు, మర్నాడు దొరికింది. గైడు, అతడి అతిథి దాన్ని కోస్తున్నారు. పిల్లతో ఉన్న తల్లి గ్రిజ్లీ తిన్నగా గైడు మీదికి వచ్చింది. వాళ్ల దగ్గర పిస్తోలు ఉంది, కానీ సామాను దగ్గర, కాస్త దూరాన. అతిథి పరుగెత్తి అందుకున్నాడు, కాల్చలేకపోయాడు, గైడు వైపు విసిరాడు, అది చేరలేదు. గైడు బతకలేదు. స్ప్రే కూడా వాళ్ల దగ్గర ఉంది. ఎవరి పిస్తోలు మంచిది, ఎవరి స్ప్రే మంచిది అని మనం కొట్టుకుంటున్నాం. ఆ రోజు సమస్య అది కాదు. రాత్రంతా కొండ మీద ఉన్న మాంసం దగ్గరికి పగలు తిరిగి వెళ్లడం, కోసేటప్పుడు కాపలా లేకపోవడం, పిస్తోలు ఒంటి మీద లేకపోవడం.

గురి (చెయెన్)
ఆగస్టు 12, ఉదయం 10:20

దీనికి అడ్డు చెప్పను. ఆ ఘటన తర్వాత నేనూ నడుము ఒర మానేసి ఛాతీ ఒరకు మారాను. మూట పట్టీ నడుము ఒరను మింగేస్తుంది. పడిపోయినా ఛాతీ మీదికి చెయ్యి వెళుతుంది.

నిర్వాహకుడు
ఆగస్టు 12, ఉదయం 10:45

తుపాకి చట్టాల మీద రాజకీయం రాసిన రెండు జవాబులు తీసేశాను. మిగతాది కొనసాగించండి.

కృష్ణాతీరం (డెన్వర్)
ఆగస్టు 12, రాత్రి 9:30

బాబాయి గారూ, కోసేటప్పుడు మీరు సరిగ్గా ఏం చేస్తారో వివరంగా చెబుతారా? ఎల్క్ పడుతుందనే ధీమాతోనే అడుగుతున్నాను.

బోజ్‌మన్ బాబాయి
ఆగస్టు 13, ఉదయం 6:05

సాయంత్రం పూట బాణం వేయకండి. ఇది వినడానికి తేలిక, ఎదురుగా కొమ్ములకు ఆరేసి శాఖలున్న మగ ఎల్క్ నిలబడితే చాలా కష్టం. చీకటి పడ్డాక నెత్తుటి జాడ వెతకడం, రాత్రి వదిలి మర్నాడు రావడం, రెండూ చెడ్డవే.

పడ్డాక ముందు చుట్టూ చూడండి. వీలైతే గుబురులోంచి తెరపి స్థలానికి లాగండి. ఒకరు కోయాలి, ఒకరు నిలబడి చూడాలి. చూసేవాడి చేతిలో స్ప్రే, క్లిప్ మీద బొటనవేలు. ఇద్దరూ కోస్తే గంట ముందు అవుతుందని ఆశపడకండి. పొట్ట చీల్చకుండానే తొడలు, జబ్బలు, వీపు మాంసం తీసే పద్ధతి ఉంది, నేర్చుకోండి, పని త్వరగా తెములుతుంది, వాసనా తక్కువ.

మాంసం మొత్తం ఒక్కసారి మోయలేరు, మూడు నాలుగు విడతలు పడుతుంది. కాబట్టి మిగిలినదాన్ని కళేబరం నుంచి కనీసం వంద గజాలు పక్కకు తెచ్చి, దూరం నుంచే కనబడేలా తెరపిలో చెట్టుకు వేలాడదీయండి. పదడుగుల ఎత్తు, మాను నుంచి నాలుగడుగుల ఎడం. తిరిగి వచ్చేటప్పుడు ఎగువ నుంచి, గాలి మీ వీపు వైపు నుంచి వీస్తుండగా, కేకలు వేస్తూ రండి. ముందు బైనాక్యులర్‌తో చూడండి. కళేబరం మీద మట్టి, ఆకులు కప్పి ఉన్నాయంటే అది ఇక మీది కాదు. గ్రిజ్లీ తన తిండిని అలా కప్పుకుంటుంది. వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేయమని అనను, చూస్తూనే వెనక్కి నడిచి వచ్చేయండి.

అన్నీ చేసినా తల్లి ఎలుగు మీద పడితే బోర్లా పడుకుని, మూట వీపునే ఉంచుకుని, మెడ వెనక చేతులు కట్టుకుని కదలకుండా ఉండాలి. నల్ల ఎలుగు అయితే తిరగబడాలి. చెవులు చూసి కాదు, మూపురం చూసి తేడా పట్టండి. రంగును మాత్రం నమ్మకండి, నల్ల ఎలుగుల్లో గోధుమరంగువీ ఉంటాయి.

తుంద్రాపువ్వు (ఫెయిర్‌బ్యాంక్స్)
ఆగస్టు 13, ఉదయం 8:40

డబ్బా విమానంలో తెచ్చుకోకండి. చేతి సామానులోనూ, లోపల వేసే సామానులోనూ నిషేధమే. అక్కడే కొనండి. ఎండలో కారు అద్దం కింద వదలకండి, పేలుతుంది. పేలిన కారును మళ్లీ అమ్మలేరు.

కృష్ణాతీరం (డెన్వర్)
సెప్టెంబరు 28, రాత్రి 11:05

వచ్చేశాను. ఇద్దరమూ ఒంటి మీద గీత పడకుండా వచ్చాం. పిస్తోలు నేను తీసుకోలేదు. లైసెన్సు ఉంది కాబట్టి చట్టం ఒప్పుకుంటుంది, కానీ ఒక నెలలో సాధన కుదరదని నాకే అర్థమైంది. పెరట్లో మిరప లేని డబ్బాతో సాధన చేశాను. మా అబ్బాయి దుప్పటి కప్పుకుని ఎలుగులా పరుగెత్తాడు. మొదటి మూడుసార్లు వాడే గెలిచాడు.

నాలుగో రోజు ఉదయం ఎనిమిదిన్నరకు మిత్రుడి బాణానికి ఎల్క్ పడింది. ఎనభై అడుగులు పోయి కూలింది. అతడు కోశాడు, నేను నిలబడ్డాను. రెండు గంటలు ఊరికే నిలబడి చెట్లను చూడటం ఎంత కష్టమో ఎవరూ చెప్పలేదు. ప్రతి మొద్దూ ఎలుగే. ఒక దశలో విసుగొచ్చి పద్యాలు మొదలుపెట్టాను, పదో తరగతిలో కంఠతా పట్టినవి. మిత్రుడు అవి ఏదో ప్రార్థన అనుకుని టోపీ తీశాడు.

మాంసం రెండు విడతలు దింపాం. మూడో విడతకు మర్నాడు పొద్దున్నే ఎగువ నుంచి వచ్చాం. బైనాక్యులర్‌లో చూస్తే వేలాడదీసిన జబ్బ అలాగే ఉంది. అవతల, కళేబరం ఉన్న చోట ఎముకలు కనిపించలేదు. అప్పుడే తవ్వినట్టు నల్లటి మట్టి దిబ్బ ఒకటి ఉంది, దాని మీంచి ఒక కొమ్మ కొస పైకి పొడుచుకుని ఉంది. దిబ్బ పక్కన గడ్డి మంచానికి వేసినట్టు పరుచుకుని నొక్కుకుపోయి ఉంది. ఎలుగు మాత్రం కనిపించలేదు. అదే ఎక్కువ భయం వేసింది. జబ్బ దగ్గరికి వెళ్లాలా వద్దా అని ఇద్దరం పావుగంట నిలబడ్డాం. మిత్రుడికి ఆశ, ఇరవై కిలోలు మరి. దిబ్బకూ ఆ చెట్టుకూ మధ్య నూట ఇరవై అడుగులే ఉన్నాయి. వంద గజాలు అని మీరు చెప్పినా, అలసిపోయి ముందు రోజు అక్కడే కట్టేశాం. వదిలేసి వచ్చాం.

గురి (చెయెన్)
సెప్టెంబరు 29, ఉదయం 6:50

మంచి పని చేశారు. నా దగ్గర పది ఎంఎం ఉన్నా ఆ జబ్బ కోసం వెళ్లేవాడిని కాను.

ఉద్దానం (పలాస)
సెప్టెంబరు 29, ఉదయం 7:30

దాని వాటా అది తీసుకుంది. ఇంట్లో పప్పులో ఉప్పు పడుతోందా?

కృష్ణాతీరం (డెన్వర్)
సెప్టెంబరు 29, ఉదయం 8:02

పడుతోంది. ఎల్క్ మాంసంతో గోంగూర వండారు. కాస్త గట్టిగా ఉంది, కుక్కర్‌లో ఇంకో నాలుగు విజిళ్లు రానివ్వాల్సింది.

మిరపబజ్జీ (డాలస్)
సెప్టెంబరు 29, ఉదయం 8:15

మరి వాడని ఆ స్ప్రే డబ్బాలు ఏం చేశారు?

కృష్ణాతీరం (డెన్వర్)
సెప్టెంబరు 29, ఉదయం 8:21

మేము దిగిన మోటెల్ కౌంటరు పక్కన ఒక అట్టపెట్టె ఉంది, వెళ్లేవాళ్లు అందులో వదిలేస్తారు, వచ్చేవాళ్లు తీసుకుంటారు. నేను రెండూ పెడుతుంటే అక్కడి పెద్దావిడ ఒక్కొక్క డబ్బా తిప్పి గడువు తేదీ చూసి, ఒకదాన్ని తీసి పక్కన పెట్టారు. అది మిత్రుడిది. రెండేళ్ల క్రితమే గడువు తీరిపోయింది. ఐదు రోజులు కొండ మీద దాన్ని నడుముకు కట్టుకుని తిరిగాడు.